జూలైలో చినార్ ఎర్రగా ఉండదు

2025 జూలై 28 సాయంత్రం డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది.

"భాయ్, దాచిగామ్ ఫొటోలు నీ దగ్గరున్నాయంట గదా? మంచిది ఒకటి అర్జెంటుగా పంపు. ఎన్‌కౌంటర్ అయింది అక్కడే."

అప్పటికే టీవీలో ఆ పేరు పదే పదే వస్తోంది. శ్రీనగర్ శివారులోని దాచిగామ్ అడవుల్లో భద్రతా దళాలు ముగ్గుర్ని కాల్చి చంపాయి. పహల్గాంలో ఘాతుకం చేసింది వీళ్లేనని చెబుతున్నారు. ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో 26 మందిని చంపేశారు. మతం అడిగి మరీ కాల్చారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. చనిపోయినవాళ్లలో టూరిస్టుల్ని గుర్రాలమీద తిప్పుతూ పొట్టపోసుకునే ఒక స్థానిక ముస్లిం కూడా ఉన్నాడు. ఆ రాత్రి అందరిలాగే నాకూ అన్నం సయించలేదు. మర్నాడు ఆఫీసులో మాత్రం "ఏమంటవ్ భాయ్?" అని నన్నొక్కణ్ణే అడిగారు. పక్క సీటాయన్ని ఎవరూ అడగలేదు. అతని బాధ అడగకుండానే ఉన్నట్టు లెక్క. నా బాధని నేను పైకి చెప్పి నమోదు చేయించుకోవాలి.

సరే, ఫొటోల సంగతి. నా దగ్గర ఉన్న మాట నిజమే. 2022 నవంబరు మొదటి వారంలో నాలుగు రోజులపాటు దాచిగామ్ నేషనల్ పార్కులో ఆకురాలే కాలాన్ని ఫొటోలు తీశాను. మూడు వందల పైచిలుకు ఉంటాయి. ఆకులు, కొమ్మలు, వాగు, కొండలు, మంచు. ఒక్క ఫొటోలో కూడా మనిషి మొహం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది నల్లగొండ జిల్లాలో ఓ చిన్న ఊరు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వాకిలి దాటితే తెలుగు. అబ్బా ఉర్దూ మీడియం బడిలో టీచరు. నన్ను మాత్రం తెలుగు మీడియంలో వేశాడు. "ఉర్దూ ఇంట్ల ఎట్లాగూ వస్తది. అన్నం పెట్టేది తెలుగే" అన్నాడు. సాయంత్రాలు అలీఫ్ బే నుంచి మొదలుపెట్టి ఉర్దూ వాచకం చదివించేవాడు. అందులో బహార్ ఉండేది, ఖిజాన్ ఉండేది. బుల్‌బుల్ పాడేది, చినార్ ఆకులు రాలేవి. ఖిజాన్ అంటే ఆకురాలు కాలం. చినార్ ఎట్లుంటదని ఓ రోజు అడిగాను. "కాశ్మీర్‌ల ఉంటది. పెద్ద చెట్టు. నేను జూడలే" అన్నాడు. మరి మన దగ్గర ఏముందంటే వాకిట్లో వేపచెట్టు చూపించాడు. ఆ వేప ఖిజాన్‌ని ఎప్పుడూ పట్టించుకున్నట్టు లేదు. పుస్తకంలో ఆకులు రాలే నెలల్లో మా వేప పచ్చగా నిలబడి ఉండేది. మాఘమాసం దాటాకే దానికి ఆకు రాల్చాలని గుర్తొచ్చేది.

తెలుగు క్లాసులో ఇంకో కాలం చెప్పేవారు. ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. శరత్తు అంటే తెల్లదనం. కడిగినట్టున్న ఆకాశం, రెల్లుపూలు, పండు వెన్నెల. ఆకులు రాలేది శిశిరంలో. ఇంగ్లీషు పుస్తకాల్ని తెలుగు చేసేవాళ్లు వాళ్ల ఆకురాలు కాలానికి శరత్తు అని రాస్తుంటారు. నెలలు సరిపోతాయి, బొమ్మ సరిపోదు. కాశ్మీర్‌లో చినార్‌లు అంటుకుని మండుతున్నట్టు కనబడే ఆ నెలల్లో మా ఊళ్లో వెన్నెల కాస్తుంది. అంతకు కొద్దిరోజుల ముందే బతుకమ్మ వెళ్లిపోయి ఉంటుంది. పక్కింటి అక్కలు బతుకమ్మ పేరుస్తుంటే తంగేడు పూలు తెచ్చిపెట్టే పని నాదే. గట్లమీద తిరిగి సంచినిండా కోసుకొచ్చేవాణ్ణి. ఆ నెలల్లో మా నేలకు తెలిసిన పసుపు ఆ తంగేడుదే.

అట్లా నాకున్న రెండు భాషలూ ఒకే నెలకి రెండు ఋతువులు చెప్పేవి. చిన్నప్పుడు అదో తమాషా. పెద్దయ్యాక అదే నేరమైంది.

బి.ఏ. చదివేటప్పుడు ఒక సాహిత్య సభలో వక్త అన్నాడు: ఉర్దూ కవిత్వంలో ఈ నేలమీది చెట్టు ఒక్కటీ లేదు, అంతా పారశీకం నుంచి దిగుమతి సరుకు. సభలో నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది. మాటలో కొంత నిజం లేకపోలేదు, మా వాచకమే సాక్ష్యం. కాని 1591లో హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో వానాకాలం మీద, బసంత్ మీద రాశాడని ఆ వక్త చెప్పలేదు. నాకూ అప్పటికి తెలీదు. ఇంకో మాట కూడా అప్పుడు తోచలేదు. చింతచెట్టు సంగతి. చింత పుట్టింది ఆఫ్రికాలో అంటారు వృక్షశాస్త్రవేత్తలు. అరబ్బులు దానికి 'తమర్ ఎ హింద్', హిందుస్థాన్ ఖర్జూరం, అని పేరు పెట్టారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఈనాటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. కొమ్మ పట్టుకున్న వాళ్లెవరూ నువ్వెక్కడినుంచి వచ్చావని ఆ చెట్టుని అడగలేదు. చింతపండు లేని తెలుగు వంటిల్లు లేదు. చెట్లకు దొరికిన ఆ మన్నన మాకెందుకు దొరకదు?

"మీరు తెలుగు భలే మాట్లాడతారండీ" అని నా తోటి తెలుగువాళ్లే నన్ను మెచ్చుకుంటుంటారు. ఆ మెచ్చుకోలు అందుకున్న ప్రతిసారీ వాకిలి బయట నిలబెట్టినట్టుంటుంది. అందుకే కాశ్మీర్ పోతున్నానని చెప్పినప్పుడు మా ఆఫీసులో వినబడ్డ మాటకి ఆశ్చర్యపోలేదు. "మీ కాశ్మీర్‌కా? పోయిరా భాయ్." అన్నతను మంచివాడే. మా ఇంట్లో రంజాన్‌కి షీర్ ఖుర్మా తాగినవాడే. అందుకే ఆ 'మీ' ఇంకా గుచ్చుకుంది.

'నా' కాశ్మీర్‌లో నన్ను ఇంకోలా పలకరించారు. శ్రీనగర్‌లో నేను దిగిన ఇంటి పెద్దాయన మొదటి పూట అడిగాడు: "ఇండియా నుంచి వచ్చారా?" అవునని చెప్పటానికి నాకు రెండు క్షణాలు పట్టింది. నా దక్కనీ విని వాళ్ల పిల్లలు పడీ పడీ నవ్వారు. అవునంటే 'హౌ', వద్దంటే 'నక్కో', ఎందుకంటే 'కైకు'. ఇదేం ఉర్దూ అంకుల్ అన్నారు. తెలంగాణ ఉర్దూ అన్నాను. మా ఊళ్లో నా తెలుగుకి సర్టిఫికెట్ ఇస్తారు. అక్కడ నా ఉర్దూ పరీక్ష తప్పింది.

దాచిగామ్ శ్రీనగర్ నుంచి సుమారు 22 కిలోమీటర్లు. దాల్ సరస్సు ఒడ్డునే నిషాత్, షాలిమార్ తోటలు దాటి హార్వన్ చేరాలి. పార్కులోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి పత్రం ఉండాలి. దారిలో రెండుచోట్ల ఆపి బ్యాగు తెరిపించారు. కెమెరా లెన్సులోంచి తొంగి చూశారు. ఆధార్ మీద పేరు చదివి, మొహం చూసి, మళ్లీ పేరు చదివారు. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు కూడా ఇదే వరస. పేరు, మొహం, మళ్లీ పేరు. ఆ పద్ధతికి నేను అలవాటుపడ్డవాణ్ణే.

గేటు దగ్గర గార్డు ఒకాయన తోడొచ్చాడు. ఫెరన్ తొడుక్కుని, చేతిలో కర్ర పట్టుకున్న యాభై ఏళ్ల మనిషి. "గట్టిగా మాట్లాడుతూ నడవండి. ఈ నెలల్లో ఎలుగుబంట్లు కాయలకోసం కిందికి దిగుతాయి. మనిషి అలికిడి వింటే అవే తప్పుకుంటాయి" అన్నాడు. ఏం మాట్లాడాలో తోచక నేను మా ఊరి గురించి చెప్పుకుంటూ నడిచాను. ఆయన అక్కడి చెట్ల పేర్లు చెప్పుకుంటూ నడిచాడు.

దాచిగామ్ 141 చదరపు కిలోమీటర్ల అడవి. కింద 1,700 మీటర్ల ఎత్తులో మొదలై నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాల దాకా పోతుంది. నవంబరులో ఆ కొండని కిందినుంచి పైకి చూస్తే రంగుల చార్టులా ఉంటుంది. కింద వాగు ఒడ్డున విల్లోలు, పాప్లర్లు నిమ్మపండు పసుపు. వాటి వెనక ఓక్‌లు రాగి రంగు. అక్కడక్కడా చినార్ కుంకుమ, తుప్పు, నిప్పు. ఇంకా పైన పైన్ చెట్ల ముదురాకుపచ్చ. అన్నిటికీ మీద అప్పుడే పడ్డ మంచు. మధ్యలో దాగ్వన్ వాగు. అందులో బ్రిటిష్‌వాళ్ల కాలంలో తెచ్చి వదిలిన ట్రౌట్ చేపలు ఇప్పటికీ ఈదుతున్నాయి.

ఆకు ఎందుకు రంగు మారుతుందో బళ్లో చదువుకున్నదే. పగలు చిన్నదై చలి మొదలవగానే చెట్టు ఆకుపచ్చటి పత్రహరితాన్ని తయారుచేయడం మానేస్తుంది. ఉన్నది విరిగిపోతుంది. దాని కింద ఇన్నాళ్లూ దాగున్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం దాగున్నది కాదు. పగలు ఎండ, రాత్రి చలి ఉన్న రోజుల్లో ఆకులో మిగిలిన చక్కెరతో ఎరుపు కొత్తగా తయారవుతుంది. ఆకు తొడిమ దగ్గర బెండులాంటి పొర ఏర్పడుతుంది. చిన్న గాలికి ఆకు ఊడిపోతుంది. పసుపు ముందే ఉన్నది, ఎరుపు చివర్లో వచ్చింది. రెండూ ఆ ఆకువే.

మొదటిరోజు ఫొటోలన్నీ పాడయ్యాయి. రాత్రి గదిలో చూసుకుంటే చెట్లన్నీ నీరసంగా, జ్వరం తగ్గిన మొహాల్లా కనిపించాయి. కళ్లతో చూసిన నిప్పు ఫొటోలో లేదు. తప్పు ఎక్కడో కాసేపటికి గాని తెలీలేదు. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టి ఉంచాను. ఫ్రేమంతా ఎరుపు, పసుపు నిండితే ఆటోలో ఉన్న కెమెరా దాన్ని రంగు అనుకోదు, వెలుతురులో దోషం అనుకుంటుంది. నీలం కలిపి సరిచేస్తుంది. తన లెక్క ప్రకారం మామూలు మధ్యరకం రంగుకి తెచ్చిపెడుతుంది. ఇరవయ్యేళ్లుగా కెమెరా పడుతున్నవాణ్ణి, మరచిపోయాను. మర్నాడు ఆటో తీసేసి పగటి వెలుతురుకి పెట్టాను. ఎరుపు ఎరుపులా వచ్చింది.

నా సెక్యులర్ మిత్రులు చాలామంది గుర్తొచ్చారు. వాళ్లకు మా మీద ద్వేషం లేదు. మేం కొంచెం తక్కువ ముస్లింలుగా ఉంటే బాగుంటుందని వాళ్ల కోరిక. గడ్డం కొంచెం తక్కువ, బురఖా కొంచెం తక్కువ, ఉర్దూ కొంచెం తక్కువ. ప్రేమతోనే సరిచేస్తారు. వాళ్ల మీటరు ఏ రంగుకి పెట్టి ఉందో వాళ్లెప్పుడూ చూసుకోరు.

తర్వాతి మూడు రోజులు పని బాగా సాగింది. ఆకుల్ని ఎండకి ఎదురుగా పెట్టి తీయాలి. వెలుతురు వెనకనుంచి వస్తే ఈనెలన్నీ దీపం పెట్టినట్టు వెలుగుతాయి. పొద్దున మంచుకి తడిసిన ఆకులమీద ఆకాశపు తెల్లటి మెరుపు పడి రంగు చచ్చిపోతుంది. పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే ఆ మెరుపు పోతుంది. ఎరుపుని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఓ మెట్టులో మూడోవంతు తగ్గించుకోవాలి. లేకపోతే ఈనెలు కనబడకుండా రంగు ముద్దయిపోతుంది. ట్రైపాడ్ వేసి షట్టర్ సెకను పైన తెరిచి ఉంచితే వాగులో కొట్టుకుపోయే ఆకులు గీతలు గీస్తాయి. రాయికి చిక్కుకుని ఆగిన ఆకు మాత్రం ఆకులాగే కనబడుతుంది.

ఈ చినార్ కూడా వలస వచ్చిందనే కొందరి వాదం. చెట్టుని చూసి 'చి నార్ అస్త్' - ఏమి నిప్పు! - అని పారశీకంలో ఎవరో చక్రవర్తి అన్నాడని గైడ్లు చెప్పే కథ. మొగలులు తెచ్చారని కొందరు. కాని బడ్‌గామ్ జిల్లా ఛత్తర్‌గామ్‌లో ఉన్న చినార్‌ని 1374లో నాటారని చెబుతారు. అంటే 1586లో అక్బర్ కాశ్మీర్‌ని పట్టుకోవడానికి రెండు వందల ఏళ్లు ముందు. కాశ్మీరీలో దాని పేరు బూన్యి. ఆ పేరు భవానిలోంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. ఎవరు తెచ్చినా, ఎప్పుడొచ్చినా ఇవాళ చినార్ లేని కాశ్మీర్ బొమ్మ లేదు. 2025 జనవరిలో ఇంకో వార్త చదివాను. అక్కడి చినార్‌లకు క్యూఆర్ కోడ్ పలకలు తగిలించి, వాటి వయసు, కొలతలు నమోదు చేస్తున్నారట. చెట్లకు ఆధార్ అంటున్నారు. చెట్లని కాపాడటానికే అయినా నవ్వొచ్చింది. చివరికి చినార్ కూడా కాగితాలు చూపించాల్సి వచ్చింది.

మూడోరోజు గార్డు ఒక మాట చెప్పాడు. దాచిగామ్ అంటే పది ఊళ్లు. శ్రీనగర్‌కి మంచినీళ్లకోసం, మహారాజా వేటకోసం 1910 ప్రాంతంలో ఈ అడవిని మూసేసినప్పుడు ఇక్కడున్న పది ఊళ్లని ఖాళీ చేయించారు. ఆ జ్ఞాపకమే పేరైంది. 1981లో నేషనల్ పార్కు చేశారు. అడవి మధ్యలో కనబడ్డ అక్రోట్, మల్బరీ చెట్లను చూపించి "ఇవి ఊళ్లున్నప్పటివి" అన్నాడు. ఆ అడవే హంగుల్ దుప్పికి చివరి ఆశ్రయం. 2004 లెక్కలో అవి 197. 2023 లెక్కలో 289. అడవి మూయకపోతే ఆ మాత్రం కూడా మిగిలేవి కావేమో. ఊళ్లు పోయినమాట కూడా అబద్ధం కాదు. నల్లమలలో చెంచుల దగ్గర విన్న మాటలు ఇక్కడ ఇంకో భాషలో విన్నాను. ఆ సాయంత్రం నాలుగు హంగుల్‌లు దూరంగా వాగు దాటుతూ కనిపించాయి. కెమెరా ఎత్తేలోగా పొదల్లోకి పోయాయి.

చివరిరోజు గేటు బయటికొచ్చి హార్వన్ రోడ్డుమీద నడుస్తున్నాను. ఒక చినార్ కింద ఇద్దరు ఆడవాళ్లు రాలిన ఆకుల్ని ఊడ్చి సంచుల్లో కుక్కుతున్నారు. పెద్దామెకి అరవై ఏళ్లుంటాయి, రెండో ఆమె కోడలు. సలాం చెప్పాను.

"ఎక్కడినుంచి?"

"హైదరాబాద్."

"ఏ హైదరాబాద్?"

సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. "దక్కన్ హైదరాబాద్, ఖాలా" అన్నాను. ఆమె నవ్వింది. ఆకుల్ని కుప్పపోసి అంటిస్తారట. బూడిదయ్యేలోగా నీళ్లు చల్లి ఆర్పేస్తారట. ఆ బొగ్గు చలికాలమంతా కాంగ్డీలో పోసుకుని ఫెరన్ లోపల పెట్టుకుంటారు. నేను నాలుగు రోజులుగా అందం అందం అని తీసిన ఆకులు ఆమెకు మూడు నెలల వెచ్చదనం.

వెలుతురు బాగుంది. ఆమె మొహంమీద పసుపు పడుతోంది. ఒక ఫొటో తీసుకోనా అని అడిగాను.

"ఆకులు తీసుకో బేటా. చేతులు తీసుకో. మొహం వద్దు."

నేనేమీ అనకముందే తనే చెప్పింది. "ఎక్కడ వేస్తారో, కింద ఏం రాస్తారో ఎవరికి తెలుసు?"

కెమెరా దించేశాను. చేతులు కూడా తీయలేదు. అక్కడే రోడ్డు పక్క రాయిమీద చాలాసేపు కూర్చున్నాను.

2007లో నేను హైదరాబాద్ పాతబస్తీలో ఒక గల్లీలో అద్దెకుండేవాణ్ణి. కొత్త రిపోర్టర్ని. ఆ ఏడు మే 18, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో పేలాయి. తర్వాత గల్లీ గల్లీకి జీపులొచ్చాయి. అలా పట్టుకుపోయిన ముస్లిం కుర్రాళ్లు చాలామంది తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. మా గల్లీ చివరింట్లో ఉండే పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు సెల్‌ఫోన్ రిపేర్ షాపులో పనిచేసేవాడు. ఒక రాత్రి ఇంటికి రాలేదు. వాళ్లమ్మ జర్దోసీ కుట్టి ఇల్లు గడిపేది. నేను ఆమెని ఖాలా అనేవాణ్ణి. ఏ స్టేషన్‌కి పోయినా మాకు తెలీదన్నారట. మూడోరోజు పొద్దున్నే నా దగ్గరికొచ్చి పాస్‌పోర్ట్ సైజు ఫొటో చేతిలో పెట్టింది. "నువ్వు పేపర్ల ఉన్నవు బేటా. నా కొడుకు కనబడ్తలేడని వెయ్యి."

నేను ఆ ఫొటోతోపాటు నాలుగు లైన్లు రాసిచ్చాను. ఆచూకీ లేని యువకుడు అని. మర్నాడు పేపర్ విప్పితే అదే ఫొటో, మొదటి పేజీలో. పైన పెద్దక్షరాల్లో 'పేలుళ్లతో సంబంధం?' అని. చివర ఒక ప్రశ్నార్థకం. చట్టం నుంచి పత్రికని కాపాడేది ఆ ప్రశ్నార్థకమే. ఆ పిల్లవాణ్ణి కాపాడలేదు.

పదకొండు రోజులకు వదిలేశారు. ఏ కేసూ పెట్టలేదు. షాపు యజమాని మళ్లీ పనిలోకి రానివ్వలేదు. చెల్లెలికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. నేను డెస్క్‌తో గొడవపడ్డానా? పడలేదు. కొత్త ఉద్యోగం. పైగా, నిజం చెప్పాలి, నేను గట్టిగా అడిగితే 'వీడూ వాళ్లవాడే' అంటారని భయపడ్డాను. ఖాలా దగ్గరికి పోయి మొహం చూపించలేక రెండు నెలల్లో గల్లీ ఖాళీ చేసి ఇంకో పేటకి మారాను. ఆ తర్వాత ఆఫీసు పనికి తప్ప నా అంతట నేను మనిషి ఫొటో తీయలేదు. పూలు, గుళ్లు, మసీదులు, చెరువులు, ఆకులు. ప్రకృతి ఫొటోగ్రాఫర్ అని ఒకటి రెండు చోట్ల సన్మానం కూడా చేశారు. ప్రకృతిమీద ప్రేమ కొంత నిజమే. చెట్టు ఫొటో కింద ఎవరేం రాసినా చెట్టు అరెస్టు కాదన్న ధైర్యమే ఎక్కువ.

ఆ ధైర్యం కూడా ఉత్తదేనని ఈ జూలైలో ఫోన్ వచ్చినప్పుడు అర్థమైంది. డెస్క్‌కి కావలసింది అడవి. టెర్రరిస్టులు దాక్కున్న అడవి. నేను తీసిన చినార్ కింద ఆ మాట అచ్చువేస్తారు. పది ఊళ్లు, హంగుల్‌లు, ఎలుగుబంటికి వినబడాలని గట్టిగా మాట్లాడుతూ నడిచిన గార్డు, కాంగ్డీ బొగ్గుకోసం ఆకులూడ్చే ముసలమ్మ, అందరూ ఆ ఒక్క మాట కింద పడిపోతారు. చంపినవాళ్లు ఆ అడవిలో దాక్కున్నది నిజమే కావచ్చు. ఎవరో వచ్చి దాక్కున్నంత మాత్రాన అడవి నేరస్థురాలవుతుందా? ఊరు అవుతుందా? పేరు అవుతుందా?

ఇవన్నీ నేను ఫోన్లో చెప్పలేదు. చెప్పగలిగింది ఇంతే.

"నావి నవంబరు ఫొటోలు సార్. జూలైలో చినార్ ఎర్రగా ఉండదు. పచ్చగా ఉంటది."

"ఎవరు చూస్తరు భాయ్, అడవి అడవే గదా."

"తప్పు ఫొటో అయితది సార్. నేను ఇయ్యను."

అవతల కాసేపు మౌనం. "సరే, ఏజెన్సీది వాడుకుంటంలే" అని పెట్టేశాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. నా ఉద్యోగం పోలేదు, మర్నాడు ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. 2007లో కూడా బహుశా ఇంతే జరిగేదేమో. ఒక మాట అని ఉంటే సరిపోయేదేమో. ఆ సంగతి తెలియడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఫోన్ మాటలు మా అమ్మాయి విన్నది. ఎందుకివ్వలేదని అడిగింది. ఆ కుర్రాడి కథ ఇంట్లో మొదటిసారి చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది. "అబ్బా, ఆ దాదీకి సారీ చెప్పినవా?"

ఆ ఆదివారం పాత గల్లీకి పోయాను. ఇల్లు అదే. వాకిట్లో వేపచెట్టు ఉంది, శ్రావణమాసం కదా, నిండా పచ్చగా. తలుపు తీసింది ఆమే. జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్లద్దాలు సర్దుకుని నా మొహం చూసింది. పేరు అడగలేదు. కొంతసేపటికి గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు మాత్రం తీసే ఉంచింది.

నేను చెప్పాల్సింది గడప బయటే నిలబడి చెప్పాను. కెమెరా తీసుకుపోలేదు.